గలగలమన్న గింజలు

మా మేనత్తకు ఎండ మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. పొద్దున లేవగానే ముందు ఆకాశం వైపు చూసేది, ఆ తర్వాతే మొహం కడుక్కునేది. మబ్బు పట్టిన రోజు ఆవిడను పలకరించడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలేది కాదు. బోడి కొండల మీద మళ్లీ అడవి పెంచడానికి పెట్టిన నర్సరీలో గింజల షెడ్డు ఆవిడ చేతి కింద ఉండేది. అక్కడ అందరూ ఆవిడను ఎండమ్మ అనేవాళ్లు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే.

ఆ షెడ్డు పొడవాటి రేకుల కొట్టం. ముందు నున్నటి సిమెంటు గచ్చు. గోడకు రకరకాల జల్లెళ్లు, మూలన చేటలు, గోనెపట్టాల దొంతర. కొండ మీద నుంచి కాయలు వచ్చిన దగ్గర్నుంచీ వాటిని నలపడం, తూర్పారబట్టడం, తాలు ఏరెయ్యడం, ఎండలో పరిచి గంటగంటకూ చేత్తో తిరగెయ్యడం, అన్నీ ఆవిడే. ఎండిందీ లేనిదీ తేల్చడానికి ఆవిడకు రెండే పరీక్షలు. గుప్పెడు గింజలు రేకు డబ్బాలో పోసి చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి. ఒక గింజ పంటికింద పెడితే టక్కుమని విరగాలి. ఈ రెండూ కాకపోతే సాక్షాత్తూ పెద్దాఫీసరు వచ్చి అడిగినా గింజ గచ్చు దాటేది కాదు.

"తడి ఉందంటే బూజు పట్టినట్టే. బూజు పట్టినవి తీసుకెళ్లి మీ ఇంటి ముందు నాటుకోండి" అనేది. ఆఫీసర్లు నవ్వి ఊరుకునేవాళ్లు. ఎందుకంటే ఆవిడ షెడ్డు నుంచి వెళ్లిన గింజ మొలవలేదన్న మాట ఎన్నడూ రాలేదు.

కాయలు కోసుకొచ్చేది మా నాన్న. నడుముకు తోలు పటకా, భుజాన తాళ్లు, చేతిలో కొక్కెం కర్ర. ఎంత ఎత్తు చెట్టయినా నిచ్చెన ఎక్కినట్టు ఎక్కేవాడు. చెట్టు పైన పని తమ్ముడిది, చెట్టు కింద పని అక్కది. ఆవిడ అడవిలో అడుగు పెట్టి ఎరగదు, ఈయన షెడ్డులో పట్టుమని పది నిమిషాలు కూర్చుని ఎరగడు. కూర్చుంటే ఆవిడ చేట చేతికిచ్చేస్తుందని భయం.

వాళ్లమ్మ పోయేనాటికి నాన్నకు ఇంకా సరిగ్గా మాటలు కూడా రాలేదట. ఎత్తుకుని పెంచింది అత్తే. ఆవిడకు పెళ్లయితే అయింది గానీ అది మూన్నాళ్ల ముచ్చటే. పెట్టె పట్టుకుని తిరిగి వచ్చేసి, "వాడికి నేను పనికిరాను, నాకు వాడు పనికిరాడు, ఇంక ఎవరూ అడగొద్దు" అందట. ఎవరూ అడగలేదు. మా ఇంటి వెనక గదిలో ఉండేది. మా అమ్మ వంటలో ఉప్పు దగ్గర్నుంచి నా జడ దాకా అన్నింటికీ వంకలు పెట్టేది. నాకు ఒళ్లు మండేది. నాన్న మాత్రం ఆవిడ ఎంత సాధించినా బెల్లం కొట్టిన రాయిలా ఉండేవాడు. అక్కను బాధపెట్టే మాట ఆయన నోటి వెంట రావడం నేను చూడలేదు. అదొక్కటే ఆయనలో నాకు నచ్చని గుణం, ఇప్పటికీ నచ్చదు.

ఇక కొండచెట్టు సంగతి చెప్పాలి. ఆఫీసు వాళ్లకు దానికి నోరు తిరగని పేరేదో ఉంది, మాకు మాత్రం కొండచెట్టే. ఒకప్పుడు ఆ కొండలన్నీ ఈ చెట్లేనట. వేళ్లు మట్టిని పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టుకునేవట. అవన్నీ నరికేశాక వాన పడితే చాలు, కొండ కాస్త కాస్త మా వీధుల్లోకి దిగివచ్చేది. గుమ్మాల ముందు ఎర్రమట్టి పారలతో ఎత్తిపోసుకునేవాళ్లం. నర్సరీ వాళ్లు వేరే మొక్కలు ఎన్ని నాటినా ఆ ఏటవాలులో నిలిచేవి కావు. కొండచెట్లు మాత్రం రెండు మిగిలాయి. ఎండ తగిలే వాలులో ఒకటి, దాన్ని ముందుచెట్టు అనేవాళ్లు. శిఖరం అవతల నీడ లోయలో ఇంకొకటి, అది వెనకచెట్టు.

రెండూ పూసేవి, ఒక్క కాయా కాసేది కాదు. కొండచెట్టుకు తన పువ్వు పుప్పొడి తనకు పనికిరాదు, ఇంకో చెట్టుది కావాలి. ముందుచెట్టు పూసి రాలిపోయాక నెలకు గానీ వెనకచెట్టు మొగ్గ తొడగదు. తేనెటీగ ఎంత కష్టజీవి అయినా నెల రోజులు పుప్పొడి కాళ్లకు అంటించుకుని తిరగదు కదా. నాన్న ఈ రెండు చెట్ల గురించి మాట్లాడినప్పుడల్లా, పలకరింపులు లేని చుట్టాల గురించి చెప్పినట్టు నొచ్చుకునేవాడు. తను చెట్లెక్కడం మానేసేలోపు ఒక్కసారైనా కొండచెట్టు మొక్క చూడాలన్నది ఆయన కోరిక. ఆ కోరిక తప్ప ఆయనకు ఇంకే యావా లేదు.

దారి చూపించింది అత్తే. ఒకరోజు అన్నం తింటూ నాన్న యథాప్రకారం నిట్టూరిస్తే, విసుక్కుంది.

"నెల రోజులు దాచాలి, అంతేగా? తెచ్చి నాకివ్వు. ఎండబెట్టి దాస్తాను. నేను దాస్తే పాడైన వస్తువుందా?"

నాన్న ఆ ఏడు ముందుచెట్టు పూలగుత్తులు మంచు ఆరకముందే కోసి తెచ్చాడు. అత్త వాటిని తెల్లకాగితం మీద దులిపి, పలచటి గుడ్డలో జల్లించి, నీడలో ఆరబెట్టింది. గాజు సీసా అడుగున తేమ పీల్చుకోవడానికి రాతి సున్నం ముక్కలు వేసి, వాటిపైన ఆ పుప్పొడి మూట పెట్టి, మూత బిగించి మా ఇంటి ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పెట్టింది. పసుపనుకుని మా అమ్మ కూరలో వెయ్యబోయిన రోజు ఇంట్లో జరిగిన యుద్ధం చెప్పనలవి కాదు.

"వదినా, ఇది వంటిల్లా, నర్సరీయా?" అంది అమ్మ.

"నీ వంటకు పుప్పొడి పడితేనన్నా రుచి వచ్చేది" అంది అత్త.

వెనకచెట్టు పూశాక నాన్న సీసా జేబులో పెట్టుకుని ఎక్కాడు. పిల్లలు బొమ్మలకు రంగులు వేసే కుంచెతో పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దాడు. అద్దిన గుత్తికల్లా పలచటి గుడ్డసంచి కట్టాడు, కాయ పండి రాలినా అందులోనే పడేట్టు. సీసా గీకి గీకి చివరి రేణువు దాకా వాడేశాడు. కొన్ని వారాలకు సంచుల్లో పిందెలు కనిపించాయి. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా నేరుగా వెనక గదికి వెళ్లి, "నిలిచాయక్కా!" అన్నాడు. అత్త కళ్లు తుడుచుకుంటూనే, "చెప్పులతో లోపలికి రావొద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా" అని తిట్టింది. ఆవిడ అంత సంతోషంగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

కాయలు పండాక, సంచులు దింపే రోజున నాన్న పడిపోయాడు. కింది కొమ్మలవి తాడుతో దించేశాక ఇంకా పైకి వెళుతుంటే కొమ్మ విరిగింది. తుంటి ఎముక విరిగింది. కింద ఉన్నవాళ్లు ఆయన్ను జీపులో వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తారు. దింపిన సంచులు నర్సరీ లారీలో షెడ్డుకు చేరాయి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పే స్థితిలో లేరు.

అత్త ఆసుపత్రికి వచ్చి, తమ్ముడు బతికే ఉన్నాడని కళ్లతో చూసుకుని, మమ్మల్ని అక్కడ ఉంచి షెడ్డుకు వెళ్లిపోయింది. వెళ్లి సంచులు విప్పితే గింజలు బరువుగా, తేమగా, వేలితో నొక్కితే మెత్తగా ఉన్నాయట. కొన్నిటికి చివర తెల్లటి మొన పొడుచుకొచ్చింది. జీవితమంతా గింజల్ని నిలవ చేసిన మనిషికి అది చూసి గుండె జారిపోయింది. తడి తగిలి మొలకెత్తేశాయి, ఇంకో రోజు ఆలస్యమైతే మొత్తం పోయేవి అనుకుంది. మొన వచ్చిన వాటన్నిటినీ ఏరి పేడగుంటలో పారబోయించింది. మిగిలినవి గచ్చు మీద పరిచింది. ఈ చెట్టు పుప్పొడిని ఎండబెట్టే కదా బతికించింది, గింజను మాత్రం ఎందుకు బతికించలేదనుకుంటుంది? కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒకసారి తొంగిచూసి, "ఎండబెడుతున్నారా, మంచిది" అని వెళ్లాడు. ఆయనా కొండచెట్టు గింజను ఎన్నడూ చూసి ఎరగడు.

వారం దాటాక ఒక సాయంత్రం వార్డులోకి అత్త వచ్చింది. తల దువ్వుకుంది, ఉతికిన బట్టలు కట్టుకుంది, చంకలో బిస్కెట్ల డబ్బా పెట్టుకుంది. నేను పని చేసే బట్టల కొట్టుకు సెలవు పెట్టి నాన్న మంచం పక్కన కూర్చుని ఉన్నాను.

"బిస్కెట్లు ఎందుకత్తా? డాక్టరుగారు వద్దన్నారు" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో పిల్లా, నీకు కాదు."

డబ్బా నాన్న చెవి దగ్గర పెట్టి ఆడించింది. గలగలమంది.

"వినరా, ఎలా ఉన్నాయో విను! మహా మొండివిరా, ఒక పట్టాన ఎండలేదు. నేను వదుల్తానా? అడుగున రేకులు వేసి మరీ ఎండబెట్టాను."

నాన్న మొహం పాలిపోయింది. నొప్పి ఎక్కువైందనుకుని నేను నర్సును పిలవబోతే, చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అన్నీ ఎండబెట్టేశావా అక్కా?"

"అన్నీ. మొలకొచ్చి పాడైనవి పారేశాను, మిగతావన్నీ ఇదిగో, బంగారం లాగా ఉన్నాయి. ఏం, బాలేవా?"

నాన్న ఆవిడ మొహం వంక చూశాడు. తర్వాత, "బాగా ఎండబెట్టావక్కా" అన్నాడు. అత్త నా వైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమలెగరేసింది.

ఆ గింజల్ని ఆవిడే మెత్తటి మట్టిలో, ఒక్కో మొక్కసంచికి ఒక్కోటి చొప్పున పెట్టింది. నీళ్లు కూడా వేరే వాళ్లను పొయ్యనివ్వలేదు. నెల గడిచింది, మట్టి కదల్లేదు. ఇంకో నెల గడిచింది. నాన్న చంకకర్రల మీద ఇంటికొచ్చాడు. అత్త రోజూ సాయంత్రం వచ్చి, "మొండివి కదా, టైము పడుతుంది" అనేది. నాన్న తలూపేవాడు. చివరికి ఆఫీసరు వేరే చోట తనకు తెలిసిన పెద్దాయనెవరికో ఫోన్ చేసి కనుక్కున్నాడు. కనుక్కుని, షెడ్డుకొచ్చి, చాలాసేపు నీళ్లు నమిలి చెప్పాడు. ఈ జాతి గింజలకు ఎండడమంటే చావడమే. చెట్టు మీద నుంచి పడటం, తడి మట్టిలో వెంటనే మొలవడం, అదే వాటి పద్ధతి. తెల్లమొన పొడిచిందంటే అప్పటికే బతుకు మొదలుపెట్టిందన్న మాట.

"నాకూ తెలియదమ్మా. తెలిసుంటే ఆ రోజే చెప్పేవాణ్ణి" అన్నాడు పాపం.

అత్త ఒక గింజ తవ్వి తీసి రెండుగా కోసి చూసింది. లోపల గోధుమరంగు పొడి. అప్పుడు పేడగుంట దగ్గరికి పరిగెత్తింది. మోకాళ్ల మీద కూర్చుని చేతులతో తవ్విందట. ఆ గుంటను ఎన్నిసార్లు తిరగేసి పొలాలకు తోలారో లెక్కే లేదు, ఏం దొరుకుతుంది? ఇద్దరు కూలీలు ఆవిడను లేవదీసి ఇంటికి తీసుకొచ్చారు. చేతులకున్న పేడ కూడా కడుక్కోకుండా మా గడప మీద కూలబడి, "నేనే చంపేశాన్రా" అంది.

నాన్న చంకకర్రలు పక్కన పడేసి, ఎలా కూర్చున్నాడో గానీ ఆవిడ పక్కనే కూర్చున్నాడు. "ఏం కాలేదక్కా. వచ్చే ఏడు మళ్లీ పూస్తాయి. దారి తెలిసింది కదా మనకు."

వచ్చే ఏడు వచ్చింది, ముందుచెట్టు పూయలేదు. కొన్ని చెట్లంతే, ఏడాది విడిచి ఏడాది పూస్తాయి. ఆ మరుసటి ఏడు మొగ్గ కట్టే వేళకు పెద్ద గాలివాన వచ్చింది. తెల్లారి చూస్తే ముందుచెట్టు వేళ్లతో సహా వాలు మీద పడి ఉంది. దాని కింద నుంచి మట్టి జారి మా వీధి చివరి దాకా వచ్చింది. ఇంకెక్కడన్నా కొండచెట్టు ఉందేమోనని ఆఫీసరు అడగని చోటు లేదు, లేదనే అన్నారు. వెనకచెట్టు మాత్రం ఇప్పటికీ పూస్తుంది. విరగబూస్తుంది. తేనెటీగలు వస్తాయి, పోతాయి, పువ్వులు రాలిపోతాయి.

అత్త ఆ తర్వాత చాలా ఏళ్లు షెడ్డులోనే పని చేసింది. ఎప్పటిలా ఎండబెట్టింది, ఎప్పటిలా మొలిచాయి. నోటి దురుసు మాత్రం పోయింది. కొత్తరకం కాయలు వస్తే ముట్టుకోవడానికి భయపడేది, ఆఫీసరును పిలిచి రెండుసార్లు అడిగేది. గింజల్ని చెవి దగ్గర ఆడించడం మానేసింది. మా అమ్మ వండిన కూరలో ఉప్పు ఎక్కువైనా కిక్కురుమనేది కాదు. ఆ మౌనం భరించలేక ఒకరోజు మా అమ్మే, "వదినా, ఒక్క మాటన్నా అను, నీకు పుణ్యముంటుంది" అంది. ఇంట్లో ఆవిడ సాధింపు లేకపోతే అంత వెలితిగా ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. నాకు ఆవిడ మీద కోపం పోయి జాలి వచ్చింది. జాలి కంటే కోపమే బాగుండేది.

పని మానేశాక వెనక గది కిటికీ దగ్గరే కూర్చునేది. అక్కడి నుంచి కొండ కనిపిస్తుంది. నాన్నకు తుంటి సరిగ్గా అతకలేదు, కుంటుతూ వెళ్లి ఎదురుగా కుర్చీలో కూర్చునేవాడు. ఇద్దరు ముసలాళ్లూ టీలు తాగుతూ గంటల కొద్దీ ఏమీ మాట్లాడుకోకుండా ఉండేవాళ్లు. వాన వచ్చి వీధిలోకి ఎర్రనీళ్లు పారినప్పుడల్లా అత్త ఒకే మాట అనేది: "నా ఒక్కదాని వల్ల." నాన్న గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయేవాడు.

ఒక వానాకాలం ఆవిడకు జబ్బు చేసింది. మంచం దిగలేని స్థితి. నేను మందు తాగించడానికి గ్లాసులో నీళ్లు పోస్తున్నాను. బయట వాన దంచుతోంది. వీధిలో ఎవరో పారలతో మట్టి ఎత్తిపోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అత్త కళ్లు మూసుకునే, "నా ఒక్కదాని వల్ల కదరా" అంది.

ఈసారి నాన్న లేచి వెళ్లలేదు.

"నీ ఒక్కదాని వల్ల కాదక్కా" అన్నాడు. "అప్పటికి పై కొమ్మలకు ఇంకా సంచులు మిగిలే ఉన్నాయి. వాటికోసం ఎక్కుతుంటేనే పడ్డాను. నువ్వు ఆసుపత్రికి డబ్బా తెచ్చిన రోజుకి కూడా చెట్టుమీదే ఉన్నాయి."

అత్త కళ్లు తెరిచింది.

"నువ్వు డబ్బా ఆడించగానే తెలిసిపోయింది నాకు, పోయాయని. నాకు చెట్లెక్కడం నేర్పిన ముసలాయన చెప్పేవాడు, కొండచెట్టు గింజ తడి ఆరకముందే మట్టిలో పెట్టాలని. నేనే దింపి నేనే నాటుతాను కదా, నీకు చెప్పాల్సిన పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజైనా ఎవరినన్నా పంపి పైవి దింపించి ఉంటే మొలిచేవే. కానీ పంపాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే నువ్వు చేసింది నీకు తెలిసిపోతుంది. నువ్వు అంత సంతోషంగా ఉన్నావక్కా. నీ మొహం చూసి చెప్పలేకపోయాను. పోన్లే, వచ్చే ఏడు ఉంది కదా అనుకున్నాను."

నాన్న మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇన్నేళ్లూ ఆ తప్పును ఆ మనిషి ఒక్కతే మోసింది కదా, అప్పుడే చెప్పి ఉంటే కొండ మీద ఇవాళ మనిషి ఎక్కేంత చెట్లుండేవి కదా అని అరవాలనిపించింది. అత్త మొహం చూసి నేనూ నోరు విప్పలేకపోయాను.

అత్త దుప్పట్లోంచి చెయ్యి తీసి, తమ్ముడి మోకాలి మీద మెల్లగా కొట్టింది, చిన్నప్పుడు కొట్టినట్టే కాబోలు.

"వెర్రివెధవా" అంది. "నాలుగు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని కదరా."